అమ్మమ్మ నాటకాల సంగతి అమ్మ ఎత్తనివ్వడం లేదు

ప్రశ్న: నాకు 47 ఏళ్లు. హైదరాబాద్‌లో ఉంటాం. అమ్మకి 75, మా దగ్గరే ఉంటుంది. మొన్న గుడివాడలో పాత ఇల్లు అమ్మేటప్పుడు అటక మీంచి ఒక ట్రంకుపెట్టె దింపాం. చీరల కింద ఒక ఫొటో, నాలుగు మడతలు పెట్టిన ఒక కరపత్రం దొరికాయి. ఫొటోలో మా అమ్మమ్మ. ఇరవై దాటని వయసు, ముఖానికి రంగు, చెవులకి వేలాడే పెద్ద లోలాకులు. కరపత్రంలో హరిశ్చంద్ర నాటకం, తేది 12-5 శనివారం రాత్రి 9-30 గంటలకు అని ఉంది. కుర్చీ రూ. 1-8-0, బెంచీ 12 అణాలు, నేల 6 అణాలు, మైకు ఏర్పాటు కలదు అని కింద వేశారు. చంద్రమతి ఎదురుగా అమ్మమ్మ పేరు. లోహితాస్యుడు ఎదురుగా 'బేబి' అని ఉంది, ఆ తర్వాత కాగితం చిరిగిపోయింది. సంవత్సరం ఎక్కడా లేదు.

అమ్మమ్మ నాటకాలు ఆడేదని మాకెవ్వరికీ తెలీదు. ఆవిడ 1928లో పుట్టింది, పోయి చాలా ఏళ్లయింది. ఉన్నన్నాళ్లూ పూజ, వంట తప్ప వేరే లోకం తెలీనట్టే ఉండేది. అమ్మని అడిగితే 'పొయ్యిలో పడెయ్' అని లేచి వెళ్లిపోయింది. రెండు రోజులు సరిగా అన్నం కూడా తినలేదు. మావయ్య ఫోన్లో చెప్పింది ఇంతే: 'అక్క పుట్టగానే మానేసిందట. కన్నాంబతో ఒక సినిమాలో చెలికత్తెగా కూడా వేసిందట. పిల్లకి సంబంధాలు చూడాల్సిన టైములో ఇప్పుడివన్నీ ఎందుకు?' మా అమ్మాయి డిగ్రీ రెండో ఏడు. ఆ ఫొటో ఇన్‌స్టాలో పెడతానని ఒకటే గొడవ. అమ్మ మాత్రం ఎప్పుడైనా చిన్నప్పటి మాట వస్తే 'రాత్రిళ్లు మా అమ్మ ఇంట్లో ఉంటేగా' అని మొదలెట్టి ఆపేసేది. నేనేం చెయ్యాలి? ఆ సినిమా ఏదో కనుక్కోవచ్చా? అసలు ఆ రోజుల్లో నటీమణుల బతుకు ఎలా ఉండేది?

సమాధానం: ముందు ఆ కాగితం సంగతి. దాన్ని లామినేషన్ చేయించకండి. మంచి చేస్తున్నామనుకుని చాలామంది చేసే పొరపాటు అది. ఆ వేడి పాత కాగితానికి చేటు, పైగా ఒకసారి అంటుకున్నాక ఊడదీయలేం. చిరిగినచోట సెల్లో టేపు కూడా వెయ్యొద్దు. మడతలు మెల్లగా విప్పి, రెండు తెల్లకాగితాల మధ్య పెట్టి, పెద్ద పుస్తకంలో ఉంచండి. పగటి వెలుతురులో ఫోన్‌తో రెండు వైపులా ఫొటో తీసుకోండి. అమ్మకి కనపడకుండా దాచెయ్యమని చెప్పాలనిపించింది గానీ, చెప్పను. ఆ పెట్టె మీకంటే ముందు ఆవిడది. మీ దగ్గర కాపీ ఉంటే చాలు.

మీ మావయ్యగారు కన్నాంబ పేరెత్తారు కాబట్టి మూడో ప్రశ్న అక్కణ్ణుంచే మొదలుపెడతాను. మీ అమ్మమ్మ తరం ఆడపిల్లలు స్టేజీ ఎక్కేటప్పుడు వాళ్ల కళ్ల ముందున్న మనిషి ఆవిడే.

పసుపులేటి కన్నాంబ కడపలో పుట్టి ఏలూరులో పెరిగింది. ఆవిడ స్టేజీ ఎక్కడం గురించి చెప్పుకునే కథ ఒకటుంది. ఏలూరులో హరిశ్చంద్ర నాటకం జరుగుతోంది. చంద్రమతి వేషం కట్టిన మగనటుడు కాటిసీనులో సరిగా ఏడవలేకపోయాడు, పాట రక్తి కట్టలేదు. జనంలో కూర్చున్న ఈ పిల్ల ఊరుకోలేక లేచి తనే అందుకుందట. కథ చెప్పేవాళ్లు ఎక్కడో కాస్త ఉప్పూకారం చల్లి ఉంటారు. అయినా అందులో అప్పటి పద్ధతి ఉంది. చంద్రమతి అయినా, సత్యభామ అయినా, చింతామణి అయినా స్టేజీ మీద ఆడవేషాలు ఎక్కువగా మగవాళ్లవే. ఇంటిల్లిపాదీ వేషాలు కట్టే సురభి కుటుంబాల్లో ఆడవాళ్లు ముందునుంచే ఆడేవాళ్లు. మిగతా చోట్ల ఆడపిల్ల స్టేజీ ఎక్కితే ఊరంతా దాని గురించే మాట్లాడుకునేది.

స్త్రీ వేషాలకి పెట్టింది పేరు స్థానం నరసింహారావుగారు. ఆయన సత్యభామ గురించి చెప్తే ఇప్పటికీ పెద్దవాళ్ల ముఖాలు వెలుగుతాయి. 1956లో ఆయనకి పద్మశ్రీ వచ్చింది. ఆయన కళని తక్కువ చెయ్యడం లేదు. కానీ మగవాడు కట్టిన ఆడవేషానికి పద్మశ్రీ వచ్చిన ఆ రోజుల్లోనే, అదే వేషం కట్టిన ఆడవాళ్ల ఫొటోలు పెట్టెల్లో చీరల కిందకి పోయాయి. దీనికి కారణం కళ కాదు. ఆడుతూ పాడుతూ సంపాదించుకునే ఆడవాళ్లంటే కళావంతుల కుటుంబాల వాళ్లేనని అప్పటి జనం లెక్క. ఆ కుటుంబాలని మెచ్చుకుంటూనే చిన్నచూపు చూశారు. 1947లో మద్రాసు ప్రభుత్వం దేవదాసీ పద్ధతిని రద్దు చేస్తూ చట్టం తెచ్చింది. చట్టం మంచిదే. కానీ ఆ చర్చల పొడుగునా, ముఖానికి రంగేసుకునే ప్రతి ఆడమనిషినీ ఒకే గాటన కట్టెయ్యడం జనానికి అలవాటైపోయింది. ఏ కులంలో పుట్టినా, ఎంత కట్టుగా బతికినా, 'నాటకాలావిడ' అనే మాట వెంటాడేది. మీ అమ్మగారు బళ్లో ఆ మాట విని ఉండొచ్చు.

కన్నాంబకి వద్దాం. 1935లో 'హరిశ్చంద్ర' సినిమాలో అద్దంకి శ్రీరామమూర్తిగారు హరిశ్చంద్రుడు, ఈవిడ చంద్రమతి. మరుసటేడు, 1936లో, ఇద్దరు ద్రౌపదులు పోటీపడ్డారు. ఒకే కథ మీద ఒకే ఏడాది రెండు సినిమాలు తీశారు. ఒకదాంట్లో సురభి కమలాబాయి, ఇంకోదాంట్లో కన్నాంబ. కన్నాంబ వేసిన 'ద్రౌపదీ వస్త్రాపహరణం' గెలిచింది. 1938లో హెచ్.ఎం.రెడ్డి తీసిన 'గృహలక్ష్మి'లో తాగుడు భర్త చేతిలో నలిగిన ఇల్లాలి వేషం. దేవుడు లేడని అరుస్తూ పిచ్చిదానిలా వీధిలో పరుగెత్తే ఘట్టాన్ని చూసినవాళ్లు ముసలితనం దాకా చెప్పుకున్నారు. పురాణాల పతివ్రత ఒక్కసారిగా మన వీధిలోకి వచ్చి ఏడిస్తే ఎలా ఉంటుందో అప్పటిదాకా జనానికి తెలీదు. నాగయ్యగారు మొదటిసారి తెర మీద కనపడిందీ ఆ సినిమాలోనే.

1940లో 'చండిక'లో కత్తి పట్టుకుని గుర్రమెక్కింది. తర్వాత తమిళంలోకి వెళ్లింది. 1941లో 'అశోక్ కుమార్', అందులో సవతికొడుకు మీద మోజుపడే రాణి. 1942లో 'కణ్ణగి'. మాతృభాష తెలుగైన మనిషి తమిళుల పాత కావ్యంలోని నాయిక కణ్ణగిగా నిలబడి, వాళ్ల భాషలోనే పేజీలకి పేజీలు గుక్కతిప్పుకోకుండా చెప్పి మెప్పించింది. 1954లో కరుణానిధి మాటలు రాసిన 'మనోహర'లో శివాజీ గణేశన్‌కి తల్లి. అన్నాళ్లూ కొడుకుని ఓర్చుకోమన్న తల్లి, ఇక చాలు లేవమని పిలిచే ఘట్టం తమిళనాట ఇప్పటికీ చెప్పుకుంటారు. ఈలోపు మనకి 1947లో 'పల్నాటి యుద్ధం' ఉంది. గూడవల్లి రామబ్రహ్మంగారు మొదలుపెట్టి మధ్యలో పోతే ఎల్.వి.ప్రసాద్‌గారు పూర్తిచేసిన సినిమా. అందులో నాయకురాలు నాగమ్మ ఈవిడ. నాకు కన్నాంబ వేషాలన్నిట్లోకీ అదే ఇష్టం. ఏడుపు లేకుండా కూర్చుని రాజ్యం నడిపే ఆడదాని వేషం మన సినిమాల్లో ఎన్నిసార్లు వచ్చిందో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు.

ఒక సంగతి గమనించండి. 1930ల్లో ఎవరి పాట వాళ్లే పాడుకోవాలి. గొంతు లేని నటికి వేషం లేదు. తర్వాత ప్లేబ్యాక్ వచ్చేసరికి అందం ఒకరిది, గొంతు ఒకరిది అయింది. నాటకాల నుంచి వచ్చిన చాలామంది గాయనీ నటులు అక్కడే వెనకబడ్డారు. కన్నాంబ నిలబడింది మాట మీద. మైకులు లేని రోజుల్లో నేల టికెట్టు చివరి వరస దాకా వినపడేలా చెప్పడం నేర్చిన గొంతు అది. పాట పోయినా పలుకు మిగిలింది. వయసు మీదపడ్డాక అదే పలుకుని తగ్గించి, 1957లో 'తోడికోడళ్లు'లో ఎస్.వి.రంగారావు పక్కన పెద్దకోడలిగా ఎంత మెత్తగా మాట్లాడిందో చూడండి. కాటిసీనులో గుండెలు బాదుకున్న మనిషేనా అనిపిస్తుంది.

భర్త కడారు నాగభూషణంగారితో కలిసి రాజరాజేశ్వరి పేరు మీద మొదట నాటక సమాజం నడిపింది. తర్వాత అదే పేరుతో సినిమా కంపెనీ పెట్టి 'తల్లిప్రేమ' (1941), 'సుమతి' (1942), 'సౌదామిని' (1951) లాంటివి తీశారు. అంటే ఆవిడ వేషం కట్టడంతో ఆగలేదు, పదిమందికి పని ఇచ్చిన మనిషి. ఆ రోజుల్లో బజార్లో 'కన్నాంబ లోలాకులు' అని అడిగి కొనుక్కునేవాళ్లట. మీ అమ్మమ్మ ఫొటోలో లోలాకుల సంగతి చదవగానే నాకు నవ్వొచ్చింది. అవి అవేనని చెప్పలేను. కానీ ఆ వయసు పిల్ల, ఆ పని చేసే పిల్ల, ఎవర్ని చూసి పెట్టుకుని ఉంటుంది?

ఇంకొకరి గురించీ చెప్పాలి. పెద్దాపురంలో ఒక చిన్నపిల్ల హరిశ్చంద్ర నాటకంలోనే లోహితాస్యుడి వేషంతో స్టేజీ ఎక్కింది. పెద్దయ్యాక కాకినాడలో యంగ్‌మెన్స్ హ్యాపీ క్లబ్ నాటకాల్లో ఆడింది. ఆ నాటకాలకి సంగీతం కట్టిన ఆదినారాయణరావుగారినే పెళ్లి చేసుకుంది. సి.పుల్లయ్యగారు పేరు మార్చి 1947లో 'గొల్లభామ'లో వేషం ఇచ్చారు. ఆవిడే అంజలీదేవి. సొంత కంపెనీ పెట్టి 'అనార్కలి' (1955), 'సువర్ణసుందరి' (1957) తీసింది. 1963లో 'లవకుశ'. అందులో సీత అయ్యాక ఊళ్లకి వెళ్తే ఆడవాళ్లు కాళ్లకి దండం పెట్టేవాళ్లు. అదే సినిమాలో కౌసల్య ఎవరు? కన్నాంబ. ఒకప్పటి చంద్రమతి అత్తగారు, ఒకప్పటి లోహితాస్యుడు కోడలు! మరుసటేడు, 1964 మే 7న, కన్నాంబ కన్నుమూసింది.

తెర మీద సీతకి దండాలు పెట్టిన జనమే, తమ ఊరి స్టేజీ మీద చంద్రమతిని చూసి చాటున గుసగుసలాడారు. మనిషి దూరంగా మద్రాసులో ఉంటే దేవత, పక్కవీధిలో ఉంటే నాటకాలావిడ. ఈ తేడాకి బలైంది పేరు రాని నటీమణులు. వాళ్లు కొన్ని వందల మంది. మీ అమ్మమ్మ వాళ్లలో ఒకరు.

వాళ్ల బతుకు ఎలా ఉండేదంటే, కాంట్రాక్టు నాటకాలని ఉండేవి. ఒక కాంట్రాక్టరు ఒక్కో ఊరి నుంచి ఒక్కో నటుణ్ణి ఒక రాత్రికి మాట్లాడుకొస్తాడు. హరిశ్చంద్రుడు తెనాలి నుంచి, నక్షత్రకుడు ఏలూరు నుంచి, చంద్రమతి గుడివాడ నుంచి. రిహార్సలు ఉండదు. అందరికీ బలిజేపల్లి లక్ష్మీకాంతంగారు రాసిన హరిశ్చంద్ర నాటకం కంఠస్థం కాబట్టి స్టేజీ మీదే మొదటిసారి కలుసుకుంటారు. కరపత్రంలో రాత్రి తొమ్మిదిన్నర అని వేసినా పది దాటాకే తెర లేస్తుంది. కాటిసీను వచ్చేసరికి తెల్లవారుజామే. జాషువాగారి పద్యాలతో వీరబాహు దగ్గరి హరిశ్చంద్రుడు 'వన్స్ మోర్'లు కొట్టించుకుంటుంటే, చంద్రమతి బిడ్డ శవాన్ని ఒళ్లో పెట్టుకుని అట్లా కూర్చునే ఉండాలి. ఆయన పద్యం మూడోసారి ఎత్తుకున్నా ఈవిడ ఏడుపు చల్లారకూడదు. అది ఎంత కష్టమైన పనో నటులకి తెలుసు.

మా ఊళ్లో తిరణాలకి నాటకం ఆడితే చిన్నప్పుడు ఒకసారి స్టేజీ వెనక్కి వెళ్లాను. తడికల గదిలో చంద్రమతి కూర్చుని కొబ్బరినూనెతో ముఖం మీది రంగు తుడుచుకుంటోంది. పక్కన చాప మీద ఒక పిల్ల నిద్రపోతోంది, ఆ పిల్ల బుగ్గకి కూడా రంగుంది. ఆవిడ నన్ను చూసి, 'ఏమే, బస్సు ఎన్నింటికి?' అని అడిగింది. ఇందాక స్టేజీ మీద మా అమ్మని, పెద్దమ్మల్ని వెక్కివెక్కి ఏడిపించిన గొంతు అదే. నాకు బస్సు టైము తెలీదు. పారిపోయి వచ్చేశాను. ఇప్పటికీ ఆ ప్రశ్నకి జవాబు చెప్పలేదే అనిపిస్తుంటుంది.

సరే, మీ కరపత్రం. సంవత్సరం లేకపోయినా అందులో చాలా ఉంది. మే 12 శనివారం ప్రతి ఏడూ రాదు. నేను లెక్కవేసి చూశాను. మీ అమ్మమ్మకి పదిహేడేళ్ల నుంచి ముప్పై నాలుగేళ్ల మధ్య అది నాలుగుసార్లే వచ్చింది: 1945, 1951, 1956, 1962. మన దేశంలో అణాల స్థానంలో నయాపైసలు వచ్చింది 1957 ఏప్రిల్‌లో. టికెట్టు రూపాయి ఎనిమిదణాలని వేశారంటే 1962ని కొట్టెయ్యొచ్చు. మిగిలినవి మూడు. 1945లో అంటే యుద్ధకాలం, కాగితానికి కరువు, చిన్న ఊళ్లలో మైకు కూడా అరుదు. కాబట్టి నా మొగ్గు 1951, 1956ల వైపే. అయితే ఇది మొగ్గే, రుజువు కాదు.

ఇక్కడ కాస్త ఆగండి. అమ్మగారికి 75 అన్నారు. అంటే 1950 అటూ ఇటూ పుట్టారు. 'అక్క పుట్టగానే మానేసింది' అన్న మీ మావయ్యగారి మాట నిజం కావాలంటే ఆ నాటకం 1945లోనే జరగాలి. 1951 అయితే ఇంట్లో ఏడాది బిడ్డ. 1956 అయితే ఆరేళ్ల పిల్ల. 'రాత్రిళ్లు మా అమ్మ ఇంట్లో ఉంటేగా' అన్న మాట పుట్టకముందు సంగతి అయ్యే వీల్లేదు కదా.

మీరంతా ఒకటే అనుకుంటున్నట్టున్నారు, అమ్మ కోపం పరువు గురించేనని. మీ మావయ్యగారిది పరువే కావచ్చు. అమ్మది అదే అని నాకు నమ్మకం లేదు. ఆరేళ్ల పిల్ల అర్ధరాత్రి లేచి చూస్తే అమ్మ పక్కన లేదు. పొద్దున్న వచ్చిన అమ్మ కొబ్బరినూనె వాసన వేస్తూ పగలంతా నిద్రపోతుంది. బళ్లో ఎవరో ఏదో అంటారు. ఇంటికొచ్చి అడిగితే అమ్మ జవాబు చెప్పదు. కొన్నాళ్లకి అమ్మ అన్నీ మానేసి, పెట్టె మూసేసి, ఏమీ జరగనట్టు పూజ గదిలో కూర్చుంటుంది. ఎందుకు వెళ్లిందో, ఎందుకు మానేసిందో ఆ పిల్లకి ఎవరూ చెప్పలేదు. నేను కథ అల్లుతున్నాను, ఒప్పుకుంటాను. కానీ మీరు రాసిన ఆ సగం మాటకి నాకు ఇదే తోస్తోంది.

అలాంటి మనిషి దగ్గరికి వెళ్లి 'అమ్మమ్మ గొప్ప కళాకారిణి, మనం గర్వపడాలమ్మా' అంటే ఏమవుతుంది? ఆవిడకి ఒళ్లు మండుతుంది. డెబ్భై ఏళ్ల కిందటి తన గోడు ఎవరూ వినలేదు, ఇప్పుడు కూతురు కూడా వచ్చి అవతలి పక్షానే మాట్లాడుతోంది. 'ఇందులో తప్పేముంది' అనే మాట కూడా వద్దు. తప్పు అని ఆవిడ అనలేదు. పొయ్యిలో పడెయ్యమంది, అంతే.

కాబట్టి గర్వం, సిగ్గు రెండూ పక్కన పెట్టి, పని గురించి అడగండి. వేషం కట్టడం ఒక పని. వంటలాగే, కుట్టుపనిలాగే దానికీ సామాను ఉంటుంది, వేళలు ఉంటాయి, కూలి ఉంటుంది. హార్మోనియం ఇంట్లో ఉండేదా? సాధన ఏ టైములో చేసేది? రాత్రికి ఎంత ఇచ్చేవారు, ఆ డబ్బు ఎవరి చేతికి వచ్చేది? నాటకానికి వెళ్తే నీకు అన్నం ఎవరు పెట్టేవాళ్లు? ఈ చివరి ప్రశ్నే ముఖ్యం. అందులో అమ్మమ్మ లేదు, మీ అమ్మ ఉంది. ఒకేసారి ఇవన్నీ అడిగి ఇంటర్వ్యూ చెయ్యకండి. చిక్కుడుకాయలు ఒలిచేటప్పుడు ఒకటి, ఇంకో వారం ఇంకోటి. ఫోన్లో రికార్డు చెయ్యాలనిపిస్తే చెప్పే చెయ్యండి. చెప్పకుండా చేసింది తర్వాత బయటపడితే ఆవిడ మళ్లీ నోరు విప్పదు.

ఇక సినిమా. కన్నాంబ పక్కన చెలికత్తె అన్న ఒక్క ఆధారంతో పట్టుకోవడం కష్టం. చెలికత్తెల పేర్లు టైటిల్స్‌లో వెయ్యడం తక్కువ. అప్పటి మన సినిమాల్లో చాలావాటికి ప్రింటే మిగల్లేదు, ఆ ఫిల్ము త్వరగా అంటుకునే రకం, పాడయ్యే రకం. సినిమా హాల్లో అణాకో రెండణాలకో అమ్మిన పాటల పుస్తకాలు చూడండి, వాటిలో నటీనటుల జాబితా కొంచెం పెద్దగా ఉంటుంది. చీరాల దగ్గరి వేటపాలెం సారస్వత నికేతనం 1918 నుంచి ఉన్న గ్రంథాలయం, పాత పత్రికలకి పెట్టింది పేరు. గుడివాడ వెళ్లే పని పడితే ఒకరోజు కేటాయించండి. ఆంధ్రపత్రిక పాత సంచికలు ప్రెస్ అకాడమీవాళ్లు స్కాన్ చేసి పెట్టారు. ఆ మూడు సంవత్సరాల మే నెల సంచికల్లో నాటకాల ప్రకటనలు తిరగెయ్యండి. ఫొటో వెనక స్టూడియో ముద్ర ఉందేమో కూడా చూడండి. మద్రాసు స్టూడియో అయితే మీ మావయ్యగారి మాటకి కొంత బలం వస్తుంది. దొరకకపోతే మాత్రం 'కన్నాంబతో నటించిన మా అమ్మమ్మ' అని ఎక్కడా రాయకండి. చంద్రమతి వేషానికి పక్కన కన్నాంబ తోడు అక్కర్లేదు.

మీ అమ్మాయికి ఇప్పుడే అంతా చెప్పండి, ఈ లెక్కలతో సహా. ఈ కాలం పిల్లలు తేదీలు పట్టుకోవడంలో మనకంటే చురుకు, ఆ పని ఆ పిల్లకే అప్పగించండి. ఇన్‌స్టా మాత్రం మీ అమ్మగారు సరే అనేదాకా వద్దని గట్టిగా చెప్పండి. దీనికి కారణం పరువు కాదు. ఎవరో ముక్కూమొహం తెలీనివాళ్లు ఆ ఫొటో కింద ఒక పిచ్చి కామెంటు పెడితే, బళ్లో విన్న మాట ఆవిడ 75 ఏళ్ల వయసులో మళ్లీ వినాలి. ఇక సంబంధాల సంగతి. ముత్తమ్మమ్మ చంద్రమతి వేసిందని వెనక్కి పోయే సంబంధం పోతే పోనివ్వండి. ఆ మాట మీ మావయ్యగారికి నేను చెప్పానని చెప్పినా పర్లేదు.

ఒక్కటి మిగిలింది. మీ ఉత్తరం రెండుసార్లు చదివాక కంటపడింది. 'లోహితాస్యుడు – బేబి', ఆ తర్వాత చిరిగిపోయింది అని రాశారు. సమాజంతో తిరిగే పిల్లలే ఆ వేషం కట్టేవాళ్లు, చాలాసార్లు చంద్రమతి వేసినావిడ సొంత బిడ్డే. ఆడపిల్లకీ ఆ వేషం ఇచ్చేవాళ్లు, అంజలీదేవికి ఇచ్చినట్టు. 1956లో మీ అమ్మగారికి ఆరేళ్లు. ఏమీ కాకపోవచ్చు, ఎవరి పిల్లో అయ్యుండొచ్చు. కానీ ఆ ఫొటో, కరపత్రం చూపించకుండా, ఏదో పనిలో ఉన్నప్పుడు మామూలుగా అడిగి చూడండి: కాటిసీనులో అంతసేపు కదలకుండా పడుకోవాలంటే చిన్నపిల్లలకి ఎట్లా కుదిరేదమ్మా, అని.